ఎక్కే టైరు, ఆగే టైరు

మన ఇంటి పేజీలో ఇంతవరకు తాతలు ములబాగలు పక్కకు ఎట్ల వచ్చి చేరినారో, గంగమ్మ జాతర ఎట్ల జరిగేదో, అవ్వ పితికిపప్పు పులుసు ఎట్ల చేసేదో, ఇట్లాంటివే రాసుకుంటా వచ్చినాము. ఈసారి కారు టైర్ల గురించి రాస్తా ఉండాము. ఇంటి చరిత్రలో టైర్లకేం పని అని అడగొద్దండి. పోయిన అక్టోబరు, నవంబరు రెండు నెలలూ మన ఫోన్లలో ఎక్కువగా నడిచిన మాట ఇదే. అమ్మ, నాయన, చిన్నాయన, బెంగళూరు అక్క, అందరూ తలా ఒక మాట చెప్పినారు. మనవాళ్ళ పిల్లలు ఇప్పుడు చలిదేశాల్లో నాలుగైదు ఊర్లలో ఉండారు. ఇంకా పోయేవాళ్ళు ఉండారు. వాళ్ళకీ పనికొస్తుందని రాసి పెడతా ఉండాము. చదువు కన్నడ మీడియంలో అయింది, తెలుగు రాత అవ్వ పలక మీద నేర్పింది. అందుకే ఇది మన ఇంట్లో మాట్లాడినట్లే ఉంటుంది.

సంగతి ఇది. మేముండేది కొలరాడోలో, డెన్వరు పక్కన అరోరా ఊర్లో. మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగు పని, ఇంట్లోనుంచే జరిగిపోతుంది. ఇంకొకరు ఫిజియోథెరపీ చేస్తారు. జనవరి నుంచి వారానికి రెండు రోజులు ఫ్రిస్కోలో ఉండే క్లినిక్కుకు పోవాలని అడిగినారు. ఒప్పుకుంటే జీతం కొంచెం పెరుగుతుంది, పని పక్కా అవుతుంది. అమ్మ ఈ మాట విని సంతోషపడి చుట్టాలందరికీ చెప్పేసింది. టెక్సాసులో ఫ్రిస్కో అని ఒక ఊరుంది, అక్కడ తెలుగువాళ్ళు బాగా ఉండారు కదా, అందరూ అదే అనుకున్నారు. ఈ ఫ్రిస్కో అది కాదు. ఇది రాకీ కొండల్లో 9,000 అడుగుల పైన ఉండే చిన్న ఊరు. మా ఇంటినుంచి దాదాపు 80 మైళ్ళు, అంటే బెంగళూరు నుంచి మైసూరు కంటే కొంచెం తక్కువ.

దూరం పెద్ద మాట కాదు, ఎత్తే అసలు మాట. నందిబెట్ట కొన కంటే డెన్వరు ఊరే ఎత్తు, 5,280 అడుగులు. అక్కడనుంచి ఐ-70 రోడ్డు ఎక్కి, ఫ్లాయిడ్ హిల్ దాటి, ఐడహో స్ప్రింగ్స్, జార్జ్‌టౌన్ మీదుగా ఐజన్‌హోవర్ టన్నెల్ చేరాలి. అది 11,000 అడుగుల పైన ఉంది. కర్ణాటకలో అన్నిటికన్నా ఎత్తయిన ముళ్ళయ్యనగిరి 6,300 అడుగులే. టన్నెల్ దాటినాక సిల్వర్‌థార్న్ వరకు ఏడెనిమిది మైళ్ళు ఒకటే దిగుడు, నూటికి ఏడు వాటం. బ్రేకులు పోయిన లారీల కోసం పక్కన గులకరాళ్ళు పోసిన ఎక్కుడు దారులు కట్టి పెట్టినారు. వాటిని చూస్తేనే ఆ దిగుడు ఎట్లాంటిదో తెలుస్తుంది. ఇంత దారిలో చలికాలం ఎప్పుడైనా మంచు పడొచ్చు. ఇంటికాడ ఎండ కాస్తా ఉంటుంది, టన్నెల్ అవతల రోడ్డే కనపడదు.

ఇక్కడ మాట ఇబ్బంది ఒకటి వచ్చింది. మన ఇంట్లో మంచు అంటే డిసెంబరు తెల్లవారుజామున అనపతోట మీద పడేది. ఆ మంచు తగిలితేనే కాయకు వాసన వస్తుంది అని అవ్వ అనేది. ఆ మంచంటే మనకు ఇష్టం. అందుకే "రోడ్డు మీద మంచు" అని చెప్తే అమ్మకు భయం పుట్టలేదు. "లైట్లు వేసుకొని మెల్లగా పోండి" అన్నింది. ఇక్కడ ఒక్క మంచులోనే రకాలు ఉండాయి. అప్పుడే పడిన మెత్తని మంచు ఒకటి. బండ్లు తొక్కి తొక్కి గట్టిపడిన మంచు ఒకటి. మధ్యాహ్నం కరిగి సాయంత్రం మళ్ళీ గడ్డకట్టి అద్దంలాగా అయ్యేది ఒకటి. నల్లగా, తడి రోడ్డులాగే కనిపిస్తా ఉండే పలచటి పొర ఇంకొకటి. ఒకదాని మీద బాగా నిలబడే టైరు ఇంకొకదాని మీద నిలబడాలని లేదు. మొత్తం తగువు ఇక్కడే మొదలైంది.

మా కారు చిన్న ఎస్‌యూవీ, ఆల్ వీల్ డ్రైవ్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం పోతుంది. దానికి ఉండేవి ఆల్ సీజన్ టైర్లు. ఇక్కడ చట్టం ఏమంటుందో మొదట చూసినాము. సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు, ఐ-70 మీద మోరిసన్ నుంచి డాట్‌సెరో వరకు, ప్రతి కారూ చలికాలానికి తయారుగా ఉండాలి. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే టైరు గాడి లోతు అంగుళంలో 3/16 ఉంటే చాలు. చట్టం తప్పి, దారికి అడ్డంగా ఇరుక్కుపోతే జరిమానా 650 డాలర్లు దాటుతుంది. చిన్న కొలబద్ద కొని నాలుగు టైర్లూ కొలిచినాము. అన్నిచోట్లా 7/32 వచ్చింది. 3/16 అంటే 6/32. అంటే చట్టం లెక్కలో మేము పాస్.

టెస్టింగు పని చేసేవాళ్ళకు "పాస్" అనే మాట వింటానే మనసు ఆగదు. ఏ పరీక్షలో పాస్? ఆ పరీక్ష దేన్ని చూసింది, దేన్ని చూడలేదు? ఆఫీసులో రోజూ అడిగే ప్రశ్నే ఇది. లాగిన్ పేజీ తెరుచుకుంది అంటే లాగౌట్ అవుతుందని కాదు కదా.

అయినా ఒక వారం మేము ఎటూ తేల్చలేదు. ఎందుకంటే డబ్బు చిన్నది కాదు. నాలుగు వింటరు టైర్లు, బిగించే కూలితో కలిపి, 1,000 డాలర్ల దాకా చెప్పినారు. వేరే రిమ్ములు కూడా కొంటే ఇంకా 400 ఎక్కువ. అదే సమయానికి ఊర్లో పాతింటి కప్పు పని పెట్టుకున్నారు. మంగళూరు పెంకులు తీసి, చెద పట్టిన దూలాలు మార్చి, మళ్ళీ కప్పాలి. అన్నదమ్ముల పిల్లలందరూ తలా ఇంత అని ఒప్పుకున్నాము. మా వంతు డబ్బూ టైర్ల డబ్బూ ఇంచుమించు ఒకటే. చేతిలో ఉండేది ఒకదానికి మాత్రమే సరిపోతుంది. చట్టం పాస్ అంటా ఉంటే, తాత కట్టిన ఇల్లు ఒదిలి రబ్బరుకు డబ్బు పోయడం సరేనా అని మాలో మాకే వాదన.

పక్కింటాయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు. "ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా, ఏం కాదు" అన్నాడు. ఆఫీసు స్నేహితురాలు "చైన్లు కొని డిక్కీలో పడేయండి, వంద డాలర్లతో పోతుంది" అన్నింది. చైన్ల సంగతి చూసినాము. మంచుగాలిలో, రోడ్డు అంచున, మోకాళ్ళ మీద కూర్చొని తొడగాలి. తొడిగినాక గంటకు 30 మైళ్ళు దాటకూడదు. మంచు అయిపోయి నల్లరోడ్డు వస్తే మళ్ళీ దిగి తీయాలి. అది ఆపదలో అక్కరకొచ్చే సామాను, వారానికి రెండుసార్లు నడిచే దారికి కాదు. బస్సు కూడా చూసినాము. బస్టాంగ్ అని రాష్ట్రం వాళ్ళ బస్సు డెన్వరు నుంచి ఫ్రిస్కో మీదుగా పోతుంది. మంచి బస్సే. క్లినిక్కు వేళలకు మాత్రం కుదరలేదు.

తేల్చింది చిన్నాయన. ఆయన ఇరవై ఏండ్లు లారీ తోలినాడని మీకు తెలుసు. కోలారు మార్కెట్టు నుంచి టమాటా లోడు మద్రాసుకు. పలమనేరు దాటినాక మొగిలి ఘాటు ఆయనకు అరచేతిలో గీత. ఒక ఆదివారం వీడియో కాల్లో ఈ కథంతా చెప్పినాము. ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఏమిటో అడిగి తెలుసుకున్నాడు. కొంచెంసేపు ఏమీ అనలేదు.

"నాలుగు చక్రాలూ లాగుతాయి. ఎక్కుతుంది, సరే. దిగేటప్పుడు ఏది పట్టుకుంటుందిరా?"

"బ్రేకు, చిన్నాయనా."

"బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది. రోడ్డును ఏది పట్టుకుంటుంది?"

మేము జవాబు చెప్పేలోగా ఆయనే అన్నాడు: "ఘాటులో పడిన లారీలన్నీ ఎక్కలేక పడినవి కాదు నాయనా. బాగా ఎక్కి, దిగేటప్పుడు పడినవి."

ఆ రాత్రి కూర్చొని ఆఫీసులో రాసినట్లే టెస్టు కేసులు రాసినాము. ఎడమ పక్క ఏం జరగొచ్చో, కుడి పక్క దేని వల్ల కాపాడబడతామో. కదలడం, ఎక్కడం: ఆల్ వీల్ డ్రైవ్ సాయం చేస్తుంది. వాటంలో ఆగడం: ఆల్ వీల్ డ్రైవ్ వల్ల లాభం లేదు, ఎందుకంటే మామూలు కారుకు కూడా బ్రేకు నాలుగు చక్రాలకీ ఉంటుంది. మలుపులో జారకుండా తిరగడం: అదీ టైరు పట్టు మీదే. ముందు బండి హఠాత్తుగా నిలిస్తే: టైరు. రాసినవాటిలో మనిషికి దెబ్బ తగిలే కేసులన్నీ టైరు దగ్గరికే వచ్చి చేరినాయి. ఆల్ వీల్ డ్రైవ్ ఇంకో పని కూడా చేస్తుంది. బండి సులభంగా కదిలేసరికి రోడ్డు బాగుందని అనిపిస్తుంది. ఎంత జారుడుగా ఉందో మొదటిసారి బ్రేకు తొక్కినప్పుడే తెలుస్తుంది.

తర్వాత టైరు మీద గుర్తులు చదివినాము. "ఎం ప్లస్ ఎస్" అని ఉంటే బురద, మంచు అని అర్థం. మా పాత టైర్ల మీద కూడా అది ఉంది. చూస్తే అది గాడుల ఆకారాన్ని బట్టి వేసే గుర్తు, మంచు మీద నడిపి చూసి ఇచ్చింది కాదు. రెండోది, మూడు శిఖరాల కొండ, లోపల మంచుపువ్వు బొమ్మ. 1999లో వచ్చింది. దీనికి నిజంగా పరీక్ష ఉంది. గట్టిపడిన మంచు మీద ఒక ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించాలని మొదట గీత పెట్టినారు. సంతోషించినాము. కింద చదివితే, ఆ పరీక్ష చూసేది బండి ముందుకు లాగే పట్టును. బ్రేకు వేసి ఆగడాన్ని, మలుపు తిరగడాన్ని, గడ్డ మీద నిలబడడాన్ని అది చూడదు. మళ్ళీ ఎక్కుడు పరీక్షే! చిన్నాయన అడిగిన ప్రశ్నకు ఆ బొమ్మలో జవాబు లేదు.

అందుకే ఆ గుర్తు ఉండే టైర్లలో కూడా రెండు జాతులున్నాయని తెలుసుకోవాలి. ఒకటి ఆల్ వెదర్. ఏడాది పొడుగునా వేసుకోవచ్చు, ఆ గుర్తు కూడా ఉంటుంది. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ ఇట్లాంటిది. రెండోది నిఖార్సైన వింటరు టైరు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్, నోకియన్ హక్కపెలీటా ఇవన్నీ ఆ జాతి. తేడా ముఖ్యంగా రబ్బరులో ఉంది. చలికి మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది. 7 డిగ్రీల సెల్సియస్, ఇక్కడి లెక్కలో 45, దానికి కిందికి పోతే పట్టు తగ్గుతా వస్తుందని అందరూ చెప్పే లెక్క. వింటరు టైరు రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉంటుంది. పైన కత్తితో గీసినట్లు సన్నని చీలికలు వందల్లో ఉంటాయి. అవి విచ్చుకొని మంచును కరుచుకుంటాయి, గడ్డ మీద పలచటి నీటిపొరను పక్కకు తీస్తాయి. అదే మెత్తదనం వల్ల ఎండాకాలం తారురోడ్డు మీద తొందరగా అరిగిపోతాయి. కాబట్టి వసంతంలో తీసేయాలి.

కాలానికి ఒక చక్రం అంటే నాయన నవ్వినాడు. "ఇది కొత్తదేం కాదు. మీ ముత్తాతకు తెలుసు" అన్నాడు. ముత్తాత బాడుగబండి తోలేవాడు, సంతకు బెల్లం, చింతపండు మూటలు. ఎండాకాలం చక్రం కట్టె ఎండి కుంచించుకుపోయి, చుట్టూ ఇనుప పట్టా వదులయ్యేది. చక్రాలు ఊడదీసి చెరువు నీళ్ళలో నానేసేవాళ్ళంట, కట్టె ఉబ్బి పట్టా బిగుసుకునేదాకా. మరీ వదులైతే కమ్మరి దగ్గరికి. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, సాగినప్పుడు చక్రానికి తొడిగి, గబగబా నీళ్ళు పోస్తే అది చల్లబడి కట్టెను గట్టిగా పట్టుకుంటుంది. నాయన చిన్నప్పుడు ఆ పొగలో నిలబడి చూసినాడు. ఇనుము చల్లబడితే బిగుస్తుంది, అది బండికి మంచిది. రబ్బరు చల్లబడితే బిగుస్తుంది, అది కారుకు చెడ్డది. "దుడ్డు లేని ఏడాది కూడా ముత్తాత చక్రం పని వాయిదా వేయలేదు. ఎద్దులు, మనిషి, సరుకు మూడూ దాని మీదే కదా" అన్నాడు నాయన.

ఇంటికప్పు మాట ఎత్తడానికి మేము మొహమాటపడతా ఉంటే చిన్నాయనే అందుకున్నాడు. "కప్పు ఇంకో నాలుగు నెలలు టార్పాలు కింద ఉంటుంది. ముందు మీరు దిగి ఇల్లు చేరండి." పెద్దమ్మ వాళ్ళు ఆ వంతు అప్పటికి సర్దినారు. ఆ మాట ఇక్కడ రాసి పెట్టాల్సిందే.

నవంబరు మూడో వారంలో వింటరు టైర్లు నాలుగూ వేయించినాము. రెండే వేయించుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. వేయించుకోకూడదు. ముందు రెండూ పట్టి, వెనక రెండూ పట్టకపోతే, దిగుడులో బ్రేకు వేసినప్పుడు వెనకభాగం తిరుక్కొని ముందుకు వచ్చేస్తుంది. రిమ్ములు ఇప్పుడే వద్దనుకున్నాము. టైర్లు ఏడాదికి రెండుసార్లు మార్పించుకుంటే కూలి పడుతుంది, అయినా చేతిలో ఉండే డబ్బుకు అదే దారి. ఒక లెక్క చూసుకోండి: చలికాలం వింటరు టైర్లు అరుగుతా ఉంటే పాతవి అరగకుండా ఉంటాయి. రెండు సెట్లూ ఎక్కువ ఏండ్లు వస్తాయి. కాబట్టి 1,000 డాలర్లు మొత్తం కొత్త ఖర్చు కాదు, సగం ముందుగా పెట్టిన ఖర్చు.

టైర్లు మార్చక ముందు ఒకసారి, మార్చినాక ఒకసారి, మా అపార్టుమెంటు వెనక ఖాళీ పార్కింగులో, మంచు పడిన ఆదివారాలు, గంటకు 20 మైళ్ళ వేగంతో పోయి ఒకే గీత దగ్గర బ్రేకు తొక్కినాము. పాతవాటితో ఎనిమిదో గడి దగ్గర ఆగింది. కొత్తవాటితో ఐదో గడి దగ్గర. రెండు రోజుల మంచు ఒకటే రకం కాదు, కాబట్టి దీన్ని రుజువు అనకూడదు. అయినా మూడు గళ్ళంటే ఒక కారు నిలబడే జాగా కంటే ఎక్కువ. ఆ జాగాలో ఇంకొకరి బండి ఉంటే ఏమయ్యేదో లెక్క వేయక్కర్లేదు.

చలికాలం గడిచింది. ఫ్రిస్కో పని నడుస్తా ఉంది. టైర్లు వేసుకున్నాక కూడా రెండుసార్లు పోలేదు. మంచు బాగా ఎక్కువని చెప్తే క్లినిక్కు వాళ్ళు ఒప్పుకున్నారు. గురువారం రాత్రి టన్నెల్ దాటి ఇవతలికి వచ్చినాక "దాటినాను" అని ఒక్క మెసేజీ వస్తుంది. అది వచ్చేదాకా పాప నిద్రపోదు, ఊర్లో అమ్మ పొద్దున కాఫీ తాగదు. టైరు ఉన్నా దిగుడు దిగుడే. చిన్నాయన చెప్పినట్లు ఎక్కిన గేరులోనే దిగాలి. మన ఆటోమేటిక్ కారులో కూడా తక్కువ గేరుకు దించే ఏర్పాటు ఉంటుంది, అది నేర్చుకోండి. ముందు బండికి దూరం మూడింతలు ఇవ్వండి. చలికి టైరులో గాలి కూడా తగ్గుతుంది. 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గితే దాదాపు ఒక పీఎస్ఐ. నెలకొకసారి చూసుకోండి.

చలిదేశాల్లో ఉండే మన పిల్లలకు మా లెక్క ఇది. ఊర్లోనే తిరిగి, మంచు పడిన రోజు ఇంట్లో కూర్చోగలిగితే మంచి ఆల్ సీజన్ చాలు. ఏడాదికి రెండు మూడుసార్లు కొండకు పోయేవాళ్ళకు ఆల్ వెదర్ సరిపోతుంది. మంచు ఎట్లున్నా పోవాల్సిన పని ఉండి, దారిలో దిగుడు ఉంటే, వింటరు టైర్లు వేసుకోండి. డబ్బు చాలకపోతే ఇంట్లో అడగండి. మాకు ఇచ్చినారు.

మా వంతు ఏప్రిల్లో పంపినాము. వానలకు ముందే పెంకులు ఎక్కినాయి. చెద పట్టిన దూలాల పక్కన, అటక మీద, ముత్తాత బండిది ఒక చక్రం దొరికింది. పట్టా ఇంకా ఊడలేదంట. నాయన ఫోటో పంపినాడు, కింద పెట్టినాము. కుండ, ఆకులు, ఇరుసు, సీల, కందెన, ఈ మాటలు ఆయన చెప్తే రాసుకున్నాము. స్కూల్లో మేము కన్నడంలో చదివిన చక్రానికి, అవ్వావాళ్ళు వాడిన చక్రానికి పేర్లు వేరే. ఇంకేమైనా పేర్లు మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు గుర్తుంటే అడిగి చెప్పండి, చేరుస్తాము.